నయాపూల్ దాటి చార్మినార్ దాకా

బండిమీద పోయేవానికి వీధి కేవలం ఒక దారి. నడిచేవానికి అదే ఒక ప్రదర్శనశాల. టిక్కెట్టు లేదు, తలుపులు మూసే వేళ లేదు. హైదరాబాదులో అఫ్జల్‌గంజ్ నుంచి మూసీ మీది వంతెన దాటి చార్మినార్ చేరడానికి గల దూరం కిలోమీటరుకు కొంచెం పైన. కాళ్ళలో సత్తువ గలవాడు ఇరవై నిమిషాలలో చేరుకోగలడు. మాకు మాత్రం ఎన్నడూ రెండు గంటలకు తక్కువ పట్టలేదు. ఆ రెండు గంటలూ ఎక్కడ ఖర్చవుతవో ఈ పూట శ్రోతలకు మనవి చేస్తాము.

మొట్టమొదట ఆపేది ఒక చింతచెట్టు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో, నది ఒడ్డున ఉన్నది. పైకి చూస్తే అన్ని చింతచెట్లవంటిదే. కాని 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరాన్ని ముంచివేసినప్పుడు, సుమారు 150 మంది ఈ చెట్టు నెక్కి ప్రాణాలు దక్కించుకొన్నారు. ఆ వరదలో వేలమంది కొట్టుకొనిపోయినారు. పాలకులు మేలుకొన్నదీ అప్పుడే. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది; 1920లో గండిపేట చెరువు, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తి అయినవి. మనం నడవబోయే వీధి నేటి రూపం దాల్చినదీ ఆ మండలి చేతిలోనే.

చెట్టు దాటితే వంతెన. దీని పేరు నయాపూల్, అంటే కొత్త వంతెన. ఎగువన 1578లో కట్టిన పురానాపూల్ ఉన్నది గనుక దీనికి ఆ పేరు వచ్చినది. కట్టింది పందొమ్మిదవ శతాబ్దంలో. అయినా నేటికీ ఇది కొత్తదే! జనం నాలుకమీద ఒకసారి కుదురుకొన్న పేరుకు వార్ధక్యం లేదు.

వంతెన దిగి ఎడమచేతి వైపు సందులలోకి తిరిగితే ఛత్తాబజార్. వివాహ శుభలేఖలు అచ్చువేసే అంగళ్ళు ఇక్కడ బారులు తీరి ఉంటవి. ఒకప్పుడు ఉర్దూలో అచ్చు కావలసిన పుట నంతటినీ కాతిబు, అంటే లేఖకుడు, కలంతో అందంగా వ్రాసేవాడు. ఆ చేతివ్రాతనే యంత్రం మీద అచ్చు తీసేవారు. కంప్యూటరు వచ్చిన తరువాత ఆ పని దాదాపు అంతరించినది. శుభలేఖలు ఇప్పుడూ సొగసుగానే ఉన్నవి. అయితే ఒక అక్షరం తన పక్క అక్షరాన్ని చూచి కొంచెం ఒదిగి కూర్చునే మర్యాద చేతివ్రాతలో ఉండేది. అది యంత్రానికి అంత సులభంగా పట్టుబడదు.

మళ్ళీ పెద్దవీధికి వస్తే పత్తర్‌గట్టి. పేరులోనే రాయి ఉన్నది. వీధికి ఇరువైపులా ఒకే తీరు రాతి కమానులు, వాటి వెనుక అంగళ్ళు, పైన నివాసాలు. అంగడికీ వీధికీ నడుమ కమానుల క్రింద ఒక నీడ దారి విడిచినారు. అది ఎవరి కోసం? కొనేవాని కోసమే కాదు, కొనకుండా పోయేవాని కోసం కూడ! వైశాఖమాసపు ఎండలో ఆ రాతి నీడలోకి అడుగుపెట్టినవానికి, దానిని గీచినవాడు ఒక్కసారైనా మిట్టమధ్యాహ్నం నడిచి ఉంటాడని తోస్తుంది.

ఇక్కడి ముత్యాల అంగళ్ళు మరొక వింత. హైదరాబాదుకు సముద్రం లేదు. ముత్యాలకు మాత్రం ప్రసిద్ధి. పూర్వం బస్రానుంచి వచ్చేవి, ఇప్పుడు చాలావరకు చైనానుంచి వస్తవి. వాటికి బెజ్జం వేసి, వన్నె తీర్చి, దారానికి గ్రుచ్చే నేర్పు మాత్రం ఇక్కడిది. అత్తరు అంగడివాడు అడుగకుండానే దూదిమీద ఒక చుక్క వేసి మన చేతిలో పెడతాడు. అందులో మట్టి అత్తరు ఒకటి; కాల్చిన మట్టినుంచి బట్టీపట్టి తీసినది. మూత తీయగానే తొలకరి వాసన!

మచిలీ కమాను దాటితే గుల్జార్ హౌజ్. నాలుగు దిక్కులా నాలుగు కమానులు, నడుమ నీటి కుండం. దాహంతో ఏ దిక్కునుంచి వచ్చినా ముందుగా ఎదురుపడేది నీరే. ఎదుట 1591 నాటి చార్మినార్. నాలుగు ముఖాలకూ 1889లో అమర్చిన గడియారాలు. జేబులో గడియారం లేనివానికి కూడ వేళ తెలియాలన్న తలంపు అది.

చార్మినార్‌కు పడమట లాడ్‌బజార్. లక్కగాజుల తళతళలు చూచి అక్కడనే ఆగిపోయేవారు చాలమంది. ఆ లక్క ఏమిటి? మోదుగ, రేగు మొదలైన చెట్ల కొమ్మలమీద ఒక చిన్న పురుగు స్రవించే పదార్థం. దానిని నిప్పు సెగమీద మెత్తబరచి, సన్నగా సాగదీసి, వలయంగా వంచుతారు. గట్టిపడకముందే అద్దపు తునకలూ రాళ్ళూ పూసలూ ఒక్కొక్కటే చేతితో పొదుగుతారు. ఎండకాలంలో కూడ కుంపటి ప్రక్కన కూర్చుండి చేయవలసిన పని ఇది. 2024లో హైదరాబాదు లక్కగాజులకు భౌగోళిక గుర్తింపు లభించినది. సంతోషమే, కాని గుర్తింపు పేరుకు వస్తే చాలదు, వేళ్ళు కాల్చుకొన్నవారి ఇంటికి కూడ చేరాలి. పెండ్లికీ సీమంతానికీ రంజాను పండుగకూ గాజులు కొనే మనం, బేరమాడేటప్పుడు ఒక్క నిమిషం ఆ కుంపటిని తలచుకొంటే బాగుంటుంది.

చెట్టును విడిచి తక్కినవి చూడండి: నీడ, నీరు, వేళ. ఇవన్నీ డబ్బు చెల్లించనివానికి, ఊరూ పేరూ తెలియని పాదచారికి నగరం ఇచ్చినవి. ఇప్పుడు పత్తర్‌గట్టి కమానులను చాలచోట్ల పేరు పలకలు కప్పివేసినవి. నీడ దారిలో సరుకులు పరుచుకొన్నవి. గుల్జార్ హౌజ్ చుట్టూ బండ్ల రొదలో నీటి చప్పుడు వినబడదు. ఇటీవలి సంవత్సరాలలో చార్మినార్ చుట్టూ వాహనాలను ఆపి రాతిపలకలు పరచినారు. ఇది మేలైన పని. కాలినడకన పోయేవాడు మళ్ళీ ఒకరికి గుర్తుకు వచ్చినాడు!

ఈ మర్యాద హైదరాబాదుకు మాత్రమే చెల్లినది కాదు. బాటసారి కూర్చుండి పోతాడని మన పెద్దలు వీధివైపు అరుగు వేసినారు. వేసవిలో చలివేంద్రం పెట్టినారు. మీ వీధిలో అటువంటి అరుగో, చెట్టో, రాతి తొట్టో ఇంకా మిగిలి ఉండవచ్చు. రేపు సాయంత్రం ఒకసారి నడిచి చూడండి. కనిపిస్తే, దానిమీద మరొక పలక కొట్టకుండా కాపాడండి. అది మీకు తెలియని ఎవరికో, ఎవరో ఇచ్చిన మాట.