నీళ్ళడిగితే డిపాజిట్ పెంచిండ్రు

(దేవరకొండ వైపు ఒక దళితవాడలో, అంబేద్కర్ విగ్రహం కాడ రాత్రి జరిగిన సభలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు చెడకుండా అచ్చు వేస్తున్నాం.)

 

నేను మైకు పట్టుకునే ముందు ఒక తమ్ముడు నా పక్కకొచ్చి కూసున్నడు. "అన్నా, ఎవడు గెలిచినా మన వాడకు ఒరిగిందేంది? ఈసారి ఓటుకే పోవద్దనుకుంటున్నం. లేకుంటే ఎవడెంతిస్తె అంత తీసుకుంటం, అయిపాయె" అన్నడు. ఆ తమ్ముడు ఇక్కడనే ఉన్నడు. పేరు చెప్పను. తప్పు మాట్లాడిండని కూడ అనను. ఆ మాట వెనక డెబ్బై ఏండ్ల కడుపుమంట ఉన్నది. ఇయ్యాల నేను మాట్లాడేదంతా ఆ తమ్మునికి జవాబే.

మన జిల్లా కథతోనే మొదలుపెడ్త. 1996ల పార్లమెంటు ఎన్నికలొచ్చినయి. నల్లగొండ సీటుకు ఎంతమంది నిలబడ్డరో పెద్దోళ్ళకు యాదికుంటది. 480 మంది! అంతమందికి ఎంపీ కావాలని కోరిక పుట్టిందా? లేదు. వాళ్ళల్ల ఎక్కువమంది జలసాధన సమితి పిలుపు మీద నిలబడ్డ మామూలు జనం. దుశర్ల సత్యనారాయణ నాయకత్వంల ఆ సమితి అడిగింది ఒక్కటే. మా బొక్కలు వంకరపోతున్నయి, కృష్ణా నీళ్ళియ్యండి అన్నది. దరఖాస్తులు పెట్టిండ్రు, ధర్నాలు చేసిండ్రు. ఎవడూ వినకపోతే ఆఖరుకు నామినేషన్ కాయితాన్నే దరఖాస్తు చేసిండ్రు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయ్యింది. అంత బ్యాలెట్ అచ్చుకొట్టలేక ఎన్నికే వాయిదా పడ్డది. దేశమంతా నల్లగొండ దిక్కు చూసింది. ఎన్నిక తర్వాత జరిగింది, సీపీఐ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం గారు గెలిచిండ్రు, నిలబడ్డోళ్ళల్ల దాదాపు అందరి డిపాజిట్లు పోయినయి.

మరి సర్కారు ఏం జవాబిచ్చింది? నీళ్ళిచ్చిందా? ఇయ్యలే. అదే సంవత్సరం ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించింది. పార్లమెంటుకు నిలబడాలంటే 500 రూపాయలున్న డిపాజిట్‌ను 10,000 చేసింది. మన ఎస్సీ ఎస్టీలకు 250 ఉంటే 5,000 చేసింది. గుర్తింపు పార్టీ కాని మనిషి నిలబడితే పదిమంది ఓటర్లు ప్రతిపాదించాలన్నది. నల్లగొండలనే కాదు, ఆ ఏడు కర్ణాటకల బెల్గాం సీటుకు 456 మంది, తమిళనాడుల మొడకురిచ్చి అసెంబ్లీ సీటుకు 1,033 మంది నిలబడ్డరు. అన్ని కాడ జనం గోడు చెప్పుకున్నరు. ఢిల్లీకి మాత్రం గోడు వినబడలే, కాయితాల బరువే కనబడ్డది. 1996ల దేశం మొత్తం మీద 13,952 మంది పార్లమెంటుకు పోటీచేస్తే, 1998ల 4,750 మందే చేసిండ్రు. పాలకులు సమస్య తీరిందనుకున్నరు. ఇంటి ముందర బిచ్చగాళ్ళు ఎక్కువైండ్రని గేటు ఎత్తు పెంచినట్లున్నది ఈ న్యాయం.

అప్పుడు మా అమ్మకు నాట్లేస్తే రోజుకు ఇరవై రూపాయలిచ్చేది. 250 డిపాజిట్ అంటే పన్నెండు పదమూడు రోజుల కూలి. తిని తినక కట్టొచ్చు. 5,000 అంటే 250 రోజుల కూలి! ఏడాదంత పని దొరికినా, నోట్లెకు మెతుకు పోనియ్యకుంటేనే కట్టగలదు. తర్వాత 2010 నుండి అది 25,000 అయ్యింది, మనకు సగం, 12,500. చట్టంల "కూలోడు నిలబడొద్దు" అని ఎక్కడా రాయలే. రాయాల్సిన పని లేదు.

ఇక్కడ ఒక్క ముచ్చట గట్టిగ పట్టుకోవాలె. బ్రిటిషోళ్ళ కాలంల ఆస్తి ఉన్నోనికి, పన్ను కట్టెటోనికి, చదువుకున్నోనికి మాత్రమే ఓటుండేది. ఇటు నిజాం రాజ్యంల మన తాతలకు ఆ ముచ్చటే తెల్వదు. వయసొచ్చిన ప్రతి మనిషికీ ఓటుండాలని బాబాసాహెబ్ 1928ల సైమన్ కమిషన్ ముందటనే అడిగిండు. రాజ్యాంగంతోని ఓటు మీదున్న ఆస్తి షరతు పోయింది. అయితే నిలబడెటోని మీద ఆ షరతు డిపాజిట్ రూపంల, ఖర్చు రూపంల మిగిలే ఉన్నది. మనకు ఓటేసే హక్కిచ్చిండ్రు, ఓటు అడిగే హక్కును పైసలకు కట్టేసిండ్రు. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభల బాబాసాహెబ్ హెచ్చరించింది ఇదే గదా! రాజకీయంల మనిషికో ఓటు, ఓటుకో విలువ అంటున్నం, బతుకుల మాత్రం ఆ సమానత్వం లేదు, ఈ వైరుధ్యాన్ని తొందరగా తీసేయకుంటే అన్యాయమైపోయినోళ్ళు ఈ కట్టడాన్నే కూల్చేస్తరన్నడు. తమ్ముడు ఇందాక నాతోని అన్న మాట ఆ కూలుడు చప్పుడే.

1996ల జనం అంత తెగించింది ఎందుకు? ఐదేండ్లు వెనకకు పోవాలె. 1991ల దేశం ఖజానా ఖాళీ అయ్యింది. విదేశీ అప్పులు కట్టలేక 47 టన్నుల బంగారం తాకట్టుబెట్టిండ్రు. జూలై 24న మన్మోహన్ సింగ్ బడ్జెట్ పెట్టి నూతన ఆర్థిక విధానాలకు తలుపులు తెరిచిండు. ప్రధాని మన తెలుగాయన పి.వి. నరసింహారావే. సరిగ్గా పదమూడు రోజులకు, ఆగస్టు 6న, గుంటూరు జిల్లా చుండూరుల ఎనిమిది మంది దళితులను నరికి చంపిండ్రు. పత్రికలల్ల ఈ రెండూ వేరు వేరు పేజీలల్ల వచ్చినయి. మనం మాత్రం ఒకటే పేజీల చదువుకోవాలె. ఖజానా కాపాడెటందుకు రాజ్యం రాత్రింబగళ్ళు పనిచేసింది. మన పానాలు కాపాడెటందుకు పోలీసు కదలలే. ఆ కేసుల 2014ల హైకోర్టు అందరినీ నిర్దోషులని వదిలేసింది.

సంక్షోభం వచ్చిందంటరు. సంక్షోభం ఎవలకు? ఎన్టీఆర్ 1983ల కిలో రెండు రూపాయల బియ్యం పెట్టిండు. 1996ల చంద్రబాబు ప్రభుత్వం దాన్ని మూడున్నర చేసింది. సారాకు ఎదురుతిరిగి ఆడోళ్ళు కొట్లాడి, ఓటేసి తెచ్చుకున్న మద్యనిషేధం 1995 జనవరిల వస్తే, ఖజానా లోటు చూపెట్టి 1997 ఏప్రిల్‌ల ఎత్తేసిండ్రు. 1998ల ప్రపంచ బ్యాంకుతోని అప్పు ఒప్పందాలైనయి. కరెంటు చార్జీలు పెంచిండ్రు, వద్దన్నోళ్ళ మీద 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌ల కాల్పులు జరిపిండ్రు. ఇవేవీ ఎన్నికల సభలల్ల చెప్పి చేసినవి గావు. ఓటు ఒకదానికేయించుకున్నరు, పాలన ఇంకోదానికి చేసిండ్రు. నౌకర్ల సంగతి సూడండి. మన పిల్లలు డిగ్రీలు పట్టుకొని వచ్చే యాల్లకు ప్రభుత్వ కంపెనీలు అమ్మకానికి పెట్టిండ్రు. ప్రైవేటుల రిజర్వేషన్ లేదు. మనం వాకిట్లకు వచ్చినప్పుడే ఇల్లు అమ్మేసిండ్రన్నట్లు.

మళ్ళ నీళ్ళ కాడికి వద్దాం. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేసింది నల్లగొండ జిల్లా నందికొండలనే. 1967ల కాలువలకు నీళ్ళు వదిలిండ్రు. మిర్యాలగూడ దిక్కు పారినయి, ఖమ్మం పారినయి, అవతల గుంటూరు పారినయి. మిట్టమీదున్న దేవరకొండ, మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి ఊర్లు డ్యాము పక్కనుండి కూడ ఎండిపోయినయి. చెరువులు పడావు పడ్డయి. బాయిలెండితే బోర్లు, బోర్లెండితే ఇంకా లోతు బోర్లు. బండలల్ల ఎంత లోతుకు పోతే అంత ఫ్లోరైడు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మనోళ్ళు దానికి ఎన్నో రెట్లు తాగిండ్రు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడు తీసే పద్ధతికి నాగపూర్ శాస్త్రవేత్తలు "నల్లగొండ టెక్నిక్" అని పేరుపెట్టిండ్రు. ఆఫ్రికా దేశాలల్ల కూడ ఆ పేరు తెలుసు. మన జిల్లా పేరు సముద్రం దాటిపోయింది గని, కృష్ణ నీళ్ళు గుట్ట దాటి మన ఊరికి రాలేకపాయె!

ఫ్లోరైడుకు కులం లేదంటరు కొందరు. ఉన్నది. ఎండల పనిచేసెటోడు ఎక్కువ నీళ్ళు తాగుతడు, ఎక్కువ విషం తాగుతడు. పాలు, పెరుగు తినే ఒంటికి విషాన్ని తట్టుకునే సత్తువ కొంత ఉంటది. గంజి నీళ్ళతోని బతికే ఒంటికి ఏముంటది? నీళ్ళు కొనుక్కునెటోడు క్యాను తెచ్చుకుంటడు. మా చిన్నాయన నలభై ఏండ్లకే నడుము వంగి, మెడ తిప్పలేక, ఎవరన్న పిలిస్తే ఒళ్ళంతా తిప్పి చూసేది. దొర ముందర తల వంచొద్దని మాకు నేర్పిన మనిషిని నీళ్ళు వంచినయి. ఈ మధ్య నల్లాలొచ్చినయి, మిషన్ భగీరథ నీళ్ళొస్తున్నయి. రాలేదని అబద్ధం చెప్పను. వంగిన బొక్కలు మాత్రం నల్లా తిప్పితే సక్కగ కావు. యాభై ఏండ్ల ఆలస్యానికి బాధ్యులెవలని ఒక్క విచారణ లేదు.

పక్కన పాలమూరు సూడండి. దేశంల ఎన్నో డ్యాములకు, కాలువలకు మట్టి మోసింది పాలమూరు లేబరే. మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సుకు గుంపుగ కదిలి బొంబాయి, పూణే పోయిండ్రు. చంద్రబాబు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు జిల్లాను దత్తత తీసుకున్న అన్నడు. దత్తత తీసుకున్నంక కూడ పిల్లలు వలసబోవుడు ఆగలే. ఓట్లప్పుడు మాత్రం బస్సులు పెట్టి తోలుకొస్తరు. ఓటు ఊర్లె, బతుకు బొంబాయిల. ఓటేసిన తెల్లారే మళ్ళ బస్సెక్కాలె. గెలిచినోన్ని నిలదీసెటందుకు ఊర్లె ఎవలున్నరు?

ఆ పాలమూరు గుట్టలల్ల దోమలపెంట కాడ, శ్రీశైలం నీళ్ళను మన నల్లగొండ ఊర్లకు తెచ్చే ఎస్ఎల్‌బీసీ సొరంగం తవ్వుతున్నరు. దాని పొడువు 44 కిలోమీటర్ల దాకా ఉంటది. 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నరు. రెండు నెలలు వెతికితే ఇద్దరి శవాలే దొరికినయి. వాళ్ళల్ల నలుగురు జార్ఖండ్ కూలీలు. ఒకప్పుడు పాలమూరోడు పరాయి రాష్ట్రంల మట్టికింద పోయిండు, ఇప్పుడు జార్ఖండోడు మన మట్టికింద పోయిండు. మన గొంతు తడుపుదామని వచ్చిన వాళ్ళ పానాలు పోయినయి. వాళ్ళను తలుచుకోకుండ నీళ్ళ గురించి మాట్లాడే హక్కు మనకు లేదు.

ఇగ తమ్ముడు అడిగిన దానికి వస్త. ఓటు మీద నమ్మకం పోయిందంటున్నవు. 2022 నవంబర్‌ల మునుగోడు ఉపఎన్నిక జరిగింది. 1996ల నీళ్ళ కోసం నామినేషన్లేసిన గడ్డనే అది. నూటికి 93 మంది ఓటేసిండ్రు. పైసలు ఏరులై పారినయని పత్రికలన్ని రాసినయి. కొన్ని ఊర్లల్ల "మాకు ఇస్తామన్నది ముట్టలే" అని జనం రోడ్డెక్కిండ్రు కూడ. నమ్మకం పోతే ఓటు మానేస్తరనుకుంటం. లేదు. నమ్మకం పోయినోడు ఓటేస్తనే ఉంటడు, ధర కట్టి వేస్తడు. అది నీ తప్పని నేననను. ఐదేండ్లల్ల ఆ రాజ్యం నీ చేతిల పెట్టిన పైస అదొక్కటే అయితే నువ్వెందుకు వద్దంటవు? అయితే ఒక్క లెక్క చెయ్యి. నీకిచ్చినోడు దాన్ని ఐదేండ్లు నీ నెత్తిమీదనుండే వసూలు చేస్తడు. ఓటుకు పోకుంటే ఇంకా మంచిది వానికి, ఆ ఖర్చు కూడ తప్పుతది.

మన సీటు చరిత్రల ఇంకోటున్నది. 1952 మొదటి ఎన్నికలల్ల నల్లగొండ నుండి రావి నారాయణరెడ్డి గెలిచిండు, నెహ్రూ కన్న ఎక్కువ ఓట్లొచ్చినయని అందరూ చెప్తరు. అప్పుడు నల్లగొండకు ఇద్దరు సభ్యులు. అదే పీడీఎఫ్ నుండి, అదే జనం ఓట్లతోని గెలిచిన రెండో మనిషి సుంకం అచ్చాలు, ఎస్సీ సీటు నుండి. ఈ పేరు ఇక్కడ ఎంతమంది విన్నరు? చేతులెత్తండి. సూసిండ్రా? 1961ల ఇద్దరు సభ్యుల సీట్లు రద్దుచేసిండ్రు. 1962 నుండి 2024 దాకా నల్లగొండ సీటు నుండి ఒక్క దళితుడు పార్లమెంటు మెట్లెక్కలే. కాంగ్రెసొచ్చింది, తెలుగుదేశమొచ్చింది, కమ్యూనిస్టులొచ్చిండ్రు, తెలంగాణ వచ్చింది. తెలంగాణకు మొదటి ముఖ్యమంత్రి దళితుడే అన్నరు, 2014 జూన్ 2న ఎవరు ప్రమాణం చేసిండ్రో మీకు తెలుసు. జెండాలు మారినయి, వాకిలి మారలే.

2019ల నిజామాబాద్‌ల పసుపు, ఎర్రజొన్న రైతులు 170 మందికి పైగా నామినేషన్లేసిండ్రు. అప్పటికి డిపాజిట్ 25,000. అయినా కట్టిండ్రు. సిట్టింగ్ ఎంపీ ఓడిపోయింది. 2025ల పసుపు బోర్డు నిజామాబాద్‌కు వచ్చింది. వాళ్ళకు సంఘముండె, ఎనక భూమి ఉండె. గేటు ఎంత ఎత్తు పెంచినా ఎక్కగలిగిండ్రు. భూమి లేనోనికి నిచ్చెన ఏది?

నిచ్చెన మన చేతులల్లనే ఉన్నది. అసెంబ్లీకి ఎస్సీ డిపాజిట్ 5,000. మనిషికి పది రూపాయలేస్తే 500 మంది. పార్లమెంటుకు 12,500, అంటే 1,250 మంది. ఈ మండలంల మన వాడలల్ల అంతమంది లేరా? గెలుస్తమా అంటవు. రేపే గెలుస్తమని నేను చెప్ప. ఎవడో ఇచ్చిన ఐదు వందలు తీసుకున్నోడు వానికి బాకీపడతడు. మన పది రూపాయలతోని నిలబడ్డోడు మనకు బాకీపడతడు. ఆ పది రూపాయల రసీదే మన వాడ మొదటి పార్టీ కార్డు. దాంతోపాటు రెండు కొట్లాటలు చెయ్యాలె. డిపాజిట్ తగ్గించుమని ఒకటి. ఫ్లోరైడుతోని వంగిన ప్రతి మనిషికీ బతికున్నంత కాలం సరిపోయే పింఛను, అది దయ గాదు, నష్టపరిహారమని ఇంకోటి. వచ్చే గ్రామసభల ఈ రెండూ తీర్మానం పుస్తకంల రాయించాలె. రాయకుంటే అక్కడినుండి లేవొద్దు.

తమ్ముడా, 1996ల ఆ 480 మంది ఓడిపోయిండ్రని రాసిండ్రు. ఓడిపోయినోళ్ళకు భయపడి ఎవడన్న చట్టం మారుస్తడా? వాళ్ళ నామినేషన్ కాయితాలకు ఢిల్లీ భయపడ్డది. మన కాయితానికి ఎంత బలమున్నదో మనకన్న ముందు వాళ్ళకు తెలిసింది. దాన్ని చింపెయ్యకు, అమ్మకు. పది రూపాయలు తీసి ముందల పెట్టు. మొదటి పది నాది, ఇగో.

జై భీమ్!