మాటలు పోగుచేసిన ఆస్తర్

పట్టాలు అందుకున్న భాషాశాస్త్ర విద్యార్థులకు అభినందనలు. ఇక అసలు సంగతి, ఇథియోపియాలో ఒరోమో భాషలోకి బైబిలు వచ్చిన కథ.

ఆ పని తలకెత్తుకున్న ఒనెసిమోస్ నెసిబ్‌ను చిన్నతనంలోనే ఎత్తుకుపోయి బానిసగా అమ్మేశారు. చేతులు మారి మారి ఎర్ర సముద్రపు రేవు మసావా చేరాడు. 1870లో విడుదలయ్యాడు. అక్కడి స్వీడిష్ మిషన్‌లో చదివి, ఆపైన స్వీడన్‌లో ఐదేళ్లు చదువుకున్నాడు. గ్రంథం చదివి అర్థం చేసుకునే విద్య అబ్బింది. కానీ చిన్న వయసులోనే ఇల్లు దూరమైంది. పొలం గట్టున, పెళ్లి పందిట్లో, చావింట్లో జనం మాట్లాడే ఒరోమో ఆయనకు అంతంతమాత్రమే.

ఆ లోటు తీర్చింది ఆస్తర్ గన్నో.

ఆమెదీ బానిస బతుకే. 1886లో అరేబియా తీరానికి అమ్మకానికి తీసుకుపోతుండగా ఇటలీ ఓడలు అడ్డగించడంతో బయటపడి, మసావా దగ్గరి మిషన్ బడికి చేరింది. అక్షరాలు వచ్చాక, జ్ఞాపకంలో ఉన్న పొడుపుకథలు, సామెతలు, కథలు, పాటలు దాదాపు 500 కాగితం మీద పెట్టింది. వాటిలో చాలా భాగం 1894 నాటి ఒరోమో తొలివాచకంలోకి వెళ్లాయి. అంతకు ముందు ఏడాదే కొత్త నిబంధన అచ్చయింది. 1899లో స్విట్జర్లాండ్‌లో మొత్తం బైబిలు వచ్చింది.

అనువాదకుడిగా ఒనెసిమోస్‌కు పేరొచ్చింది, రావలసిందే. ఆస్తర్ చేసింది ఎంతో మాత్రం చాలాకాలం ఎవరూ అడగలేదు. ఇవాళ మీ ముందు పెట్టవలసిన బెంగ ఇదే. రేపు మీలో కొందరు కోయ గూడేలకు, సవర పల్లెలకు రికార్డర్లు పట్టుకుని వెళ్తారు. గంటల తరబడి ఓపిగ్గా మాటలు చెప్పిన అవ్వను వ్యాసంలో "సమాచారదాత" అని ఒక్క ముక్కతో సరిపెడతారు. ఏమర్రా, ఆమెకు పేరు లేదా? చెప్పడానికి ఆమె ఒప్పుకుంటే, మీ పేరు పక్కనే అచ్చు వేయడానికి ఏమిటి అడ్డం? మార్గదర్శకుడి పేరుకు మూడు బిరుదులు తగిలిస్తారు కదా!

మళ్లీ ఆస్తర్ కథకు వస్తే, 1904లో ఒనెసిమోస్, ఆస్తర్ ఒరోమోల గడ్డ వొల్లెగాకు తిరిగి వెళ్లారు. నెకెమ్టెలో బడి తెరిచారు. ఒరోమోలో బోధించడం స్థానిక మతాధికారులకు కంటగింపై రాజుదాకా ఫిర్యాదులు వెళ్లాయి, ఒనెసిమోస్ మీద ఆంక్షలు పడ్డాయి. ఆస్తర్ మాత్రం ఆ ఊరి బడిలో పిల్లలకు సొంత భాషలో చదువు చెప్పింది.