కందెన లేని ఇరుసు



నాది మేడ్చలు చేరువనున్న గుండ్లపోచంపల్లి. మా యూరి పేరులోనే గుండ్లున్నవి. నేడు నేను చెప్పబోవునవి మాత్రము గోళీలవంటి ఉక్కుగుండ్లు. పయనమునకు ముందు మా తాత బండియిరుసునకు కందెన పెట్టి, చేతితో తడిమి చూచుకొనెడివాడు. కందెన లేని ఇరుసు కీచుమని యఱచి, అరిగి, బండిని నడిదారిలో నిలిపివేయునని మీరెఱుగుదురు. రాకెట్టునకును ఇదియే ధర్మము.

పెద్ద రాకెట్టులలో ఇంధనమును మంటగదిలోనికి తోయు పంపు గలదు. దాని ఇరుసు బేరింగులమీద తిరుగును. బేరింగనగా రెండు ఉక్కుకడియములు, వాని నడుమ దొర్లు గుండ్లు, ఆ గుండ్లను ఎడముగా నిలుపు పంజరము. మన పొలముల మోటారు సాధారణముగా నిమిషమునకు 3,000 చుట్లకు మించదు. ఈ పంపులలో కొన్ని 30,000 దాటును.

నూనె పోయరాదా యందురేమో. ద్రవ హైడ్రోజను సున్నకు 253 డిగ్రీలు దిగువనుండును. అందు నూనె రాయివలె గడ్డకట్టును. ద్రవ ఆక్సిజను చెంత నూనె యున్నచో భగ్గున మండును. కావున ఆ చల్లని ద్రవమునే గుండ్ల నడుమ పాఱించి వేడిని తీయుదురు. పంజరమును టెఫ్లాను కలిసిన పదార్థముతో చేయుదురు. గుండ్లు దానిని రాచుకొనుచు పలుచని పూతను పూసికొనును. పంజరము తానరిగి గుండ్లను కాచునన్నమాట. ఆ పూత పోయినచో ఉక్కు ఉక్కును రాచును, గుండు సన్నగిల్లును, ఇరుసు అదరును. అమెరికావారి స్పేస్ షటిల్ ఆక్సిజను పంపులను ఈ అరుగుదల మిక్కిలి బాధించెను. 1995లో సిలికాన్ నైట్రైడు అను పింగాణిజాతి గుండ్లు గల క్రొత్త పంపుతో షటిల్ ఎగిరెను.

అరుగుటయే గాక, చలికి ముడుచుకొనుటయు బేరింగునకు కీడే. 2010 ఏప్రిల్ 15న, మన దేశమున చేసిన క్రయోజెనిక్ యంత్రముతో జీ.ఎస్.ఎల్.వి. డి-3 శ్రీహరికోటనుండి లేచెను. తుది అంచెలో ఇంధనమునందించు పంపు 34,800 చుట్ల వేగమునందుకొని, కొద్ది క్షణములలోనే నిలిచిపోయెను. రాకెట్టు కడలిపాలయ్యెను. తిరుగుభాగము బిగిసెనో, తొడుగు పగిలెనో యని విచారణలో తలచిరి. అటుపై అంతటి చలిలో బేరింగులును తొడుగును ముడుచుకొను తీరును లెక్కలోనికి తెచ్చుకొని పంపును మార్చిరి. 2014 జనవరి 5న డి-5 రాకెట్టు జీశాట్-14 ఉపగ్రహమును కక్ష్యలో నిలిపెను.

ఆకాశమున తడిమి చూచు చేయి లేదు. అందుచేతనే పంపులను నేలమీద నడిపి, విప్పి, గుండ్లను కొలిచి చూతురు. మా తాత చేసినదియు ఇదియే. రేపు మీ పిండిమర మోటారు కీచుమన్నచో, అది నిలుచువఱకు వేచియుండక బేరింగును విప్పించి చూడుడు.