విశ్వభారతి: జోలె పట్టిన ముప్పై ఏళ్లు

స్మారకోపన్యాస పాఠం

ఇది ఒక అధ్యాపకుడి పేర జరుగుతున్న సభ. అందుకని ఈ చరిత్రను కూడా ఒక అధ్యాపకుడితోనే మొదలుపెట్టడం సబబు. హరిచరణ్ బందోపాధ్యాయ్ టాగూర్ కుటుంబపు జమీందారీ కచేరీలో ఉద్యోగి. బి.ఏ. పూర్తి కాలేదు. పగలు ఎస్టేటు లెక్కలు, సాయంత్రం సంస్కృతం. ఆ సంగతి రవీంద్రనాథుడి చెవిన పడింది. 1902లో ఆయన్ని బోల్‌పూర్ దగ్గరున్న తన బడికి పిలిపించుకొని పిల్లలకు సంస్కృతం చెప్పమన్నారు. కొన్నేళ్లకు మరో పని అప్పగించారు: బెంగాలీకి సరైన నిఘంటువు లేదు, మీరు రాయండి. రాతప్రతి తయారు కావడానికే దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. అచ్చు 1932లో మొదలై 1940ల మధ్య దాకా భాగాలు భాగాలుగా సాగింది. ‘బంగీయ శబ్దకోశ్’ ఇవాళ్టికీ బెంగాలీ పండితులు తిరగేసే గ్రంథం.

ఏ నియామక కమిటీ ముందు నిలబడినా హరిచరణ్‌కు ఆ ఉద్యోగం వచ్చేది కాదు. విశ్వభారతి తొలి ముప్పై ఏళ్ల కథంతా ఇలాంటి నియామకాల కథే. ముందు శాఖ పెట్టి తర్వాత మనిషిని వెతకడం అక్కడ తక్కువ. ముందు మనిషి వచ్చేవాడు, అతని చుట్టూ శాఖ మొలిచేది. అది ఆ విద్యాలయానికి అందం తెచ్చింది, అప్పులూ తెచ్చింది.

స్థలం సంగతి ముందు చెప్పుకోవాలి. బీర్‌భూమ్ జిల్లాలో ఎర్ర కంకర నేల, అక్కడక్కడా తాటిచెట్లు. 1863లో దేవేంద్రనాథ టాగూర్ రాయపూర్ జమీందారుల దగ్గర ఇరవై బిఘాలు శాశ్వత కౌలుకు తీసుకున్నారు. అక్కడ కట్టించిన ఇంటి పేరు శాంతినికేతన్. తర్వాత ఊరికి కూడా అదే పేరు నిలిచింది. ఆ నేల మీద 1901 డిసెంబరు 22న ఆయన కొడుకు రవీంద్రుడు బ్రహ్మచర్యాశ్రమం అనే బడి తెరిచారు. విద్యార్థులు అయిదుగురు, అందులో ఒకడు రవీంద్రుడి సొంత కొడుకు రథీంద్రనాథ్. బడి నడపడానికి పూరీలో ఉన్న ఇల్లు అమ్మేశారు. భార్య మృణాళినీదేవి నగలిచ్చారు. మరుసటి ఏడాదే ఆమె కన్నుమూశారు.

1913లో నోబెల్ బహుమతి వచ్చింది, దాదాపు ఎనిమిది వేల పౌన్లు. ఇక బడికి కష్టాలు తీరాయని ఎవరైనా అనుకుంటారు. కవి ఆ సొమ్మును తమ జమీందారీ గ్రామం పతిసర్‌లో తాను పెట్టిన రైతుల బ్యాంకులో వేశారు: వడ్డీ బడికి, అసలు రైతులకు అప్పుల కింద. ఒక దెబ్బకు రెండు పుణ్యకార్యాలు. తర్వాత గ్రామీణ రుణ విమోచన చట్టాలు వచ్చాయి, బ్యాంకు కూలింది, అసలు మునిగింది. వ్యవహారజ్ఞుడు చేసే పని కాదు నిజమే. కానీ వ్యవహారజ్ఞుడైతే ఆ కంకర నేలలో బడే పెట్టడు.

బడి విశ్వవిద్యాలయంగా మారే ఘట్టంలో దక్షిణాదికీ వాటా ఉంది. 1919 తొలి నెలల్లో రవీంద్రుడు దక్షిణదేశ యాత్ర చేశారు. భారతీయ సంస్కృతికి ఒక కేంద్రం కావాలనీ, అక్కడ వైదిక, బౌద్ధ, జైన, ఇస్లామీయ విద్యలతో పాటు పాశ్చాత్య విద్య కూడా పక్కపక్కన ఉండాలనీ మద్రాసులో చదివిన వ్యాసం విశ్వభారతికి దాదాపు ముసాయిదా. ఆ యాత్రలోనే మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో కొన్నాళ్లు విశ్రాంతి తీసుకున్నారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐర్లండు కవి. అక్కడే ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి అనువదించి, తన దస్తూరితో కళాశాలకు ఇచ్చి వెళ్లారు. మదనపల్లె పేరు ఈ ఒక్క సంగతితోనే గుర్తుండిపోయింది. కానీ ఆ ఊరికి వచ్చినప్పుడు కవి బుర్ర నిండా ఉన్నది ఇంకా పుట్టని ఒక విశ్వవిద్యాలయం.

1921 డిసెంబరు 23న తత్త్వవేత్త బ్రజేంద్రనాథ్ శీల్ అధ్యక్షతన జరిగిన సభలో విశ్వభారతి లాంఛనంగా మొదలైంది. మరుసటి ఏడాది సొసైటీగా రిజిస్టరైంది. భూమి, భవనాలు, గ్రంథాలయంతో పాటు తన బెంగాలీ పుస్తకాల హక్కులను కూడా రవీంద్రుడు దానికి రాసిచ్చేశారు. ప్రభుత్వ చార్టరు లేదు. బి.ఏ. పట్టా కావాలనుకున్న పిల్లలు కలకత్తా విశ్వవిద్యాలయం పరీక్షలకు కూర్చునేవారు.

అందరూ హర్షించలేదు. చరిత్రకారుడు జదునాథ్ సర్కార్‌ను పాలకవర్గంలో చేరమని అడిగితే 1922లో ఆయన ఒప్పుకోలేదు. ఇక్కడి పిల్లలకు పాటలూ పండుగలే తప్ప నిక్కచ్చిగా తెలుసుకునే క్రమశిక్షణ అబ్బదన్నది ఆయన అభ్యంతరం. ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు. శాంతినికేతనం మీద ఆ తర్వాత వచ్చిన విమర్శల్లో చాలావాటికి మూలం ఇందులోనే ఉంది.

అయితే ఎలాంటి పండితులు అక్కడికి వచ్చారో కూడా చూడాలి. మొదటి అతిథి ఆచార్యుడు పారిస్ నుంచి వచ్చిన సిల్వాఁ లెవీ. సంస్కృత బౌద్ధ గ్రంథాల మూలాలు భారతదేశంలో చాలావరకు నశించాయి, చైనా, టిబెట్ అనువాదాల్లో మిగిలాయి. ఆ భాషలు రానిదే బౌద్ధం చదవడం సగం చదువే. లెవీ అక్కడ చీనా, టిబెటన్ పాఠాలు మొదలుపెట్టారు. కాశీలో చదివిన సంప్రదాయ పండితుడు విధుశేఖర శాస్త్రి నడివయసులో టిబెటన్ నేర్చుకోవడానికి కూర్చున్నారు. ప్రాగ్ నుంచి వింటర్నిట్జ్, ఇటలీ నుంచి టూచ్చి వచ్చారు. కళల చరిత్ర చెప్పడానికి స్టెల్లా క్రామ్రిష్ వచ్చారు. 1929లో జపాన్ నుంచి తకగాకి అనే జూడో గురువు కూడా దిగారు. ఆడపిల్లలూ జూడో నేర్చుకున్నారు.

చీనాభవనం ఎలా పుట్టిందో చూస్తే పద్ధతి అర్థమవుతుంది. 1927లో మలయాలో రవీంద్రుడికి తాన్ యున్‌షాన్ అనే చైనా యువకుడు తారసపడ్డాడు. మరుసటి ఏడాదే అతను శాంతినికేతనానికి వచ్చాడు. భవనానికి డబ్బు లేదు. తిరిగి చైనా వెళ్లి స్నేహసంఘం పెట్టి, చందాలూ పుస్తకాలూ పోగుచేసుకొచ్చాడు. 1937 ఏప్రిల్ 14న చీనాభవనం తెరిచారు. హిందీ పాఠాలకు 1930లో వచ్చిన హజారీప్రసాద్ ద్వివేదీ రెండు దశాబ్దాలు అక్కడే ఉండి హిందీ సాహిత్యంలో ఒక తరాన్ని తీర్చిదిద్దారు.

ఇస్లామీయ అధ్యయనాలకు మాత్రం డబ్బు ముందు వచ్చింది, అదీ హైదరాబాదు నుంచి. ఏడో నిజాం లక్ష రూపాయల విరాళమిచ్చారు. ఆ నిధితో 1929లో బుడాపెస్ట్ నుంచి జూలియస్ గెర్మానుస్ ఆచార్యుడిగా వచ్చారు. హైదరాబాదు నవాబు సొమ్ముతో, బెంగాలీ కవి బడిలో, హంగేరీ పండితుడు ఇస్లాం చెప్పడం! విశ్వభారతి అనే పేరు పెట్టుకున్నందుకు ఈ ఒక్క ఉదాహరణ చాలు. అప్పట్లో ఇది ఎవరికీ వింతగా తోచినట్టు లేదు.

కళాభవనం 1919 నాటిది. నందలాల్ బోస్ చేతికి వచ్చాక దానికో తీరు ఏర్పడింది. నమూనా బొమ్మ ముందు పెట్టుకొని గీయడం కాదు, చుట్టుపక్కల సంతాల్ గూడేల్లో తిరిగి గీయాలి. వినోద్‌బిహారీ ముఖర్జీ, రామ్‌కింకర్ బైజ్ అక్కడి విద్యార్థులే, తర్వాత అక్కడే గురువులు. సత్యజిత్ రాయ్ 1940లో చేరి, కోర్సు పూర్తి చేయకుండానే 1942లో వెళ్లిపోయారు. రాజ్యాంగ ప్రతికి బొమ్మలు వేసింది నందలాల్ బృందమే. తెలంగాణ నుంచి వెళ్లి ఆయన దగ్గర నేర్చుకున్న కొండపల్లి శేషగిరిరావు హైదరాబాదులో చిత్రకళాచార్యుడయ్యారు. పిఠాపురం ఆస్థాన వైణికుడు తుమరాడ సంగమేశ్వర శాస్త్రి కొన్నాళ్లు శాంతినికేతనంలో వీణ నేర్పారు. నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెం కుర్రాడు బెజవాడ గోపాలరెడ్డి అక్కడ చదివి, బెంగాలీ నేర్చుకొని, టాగూర్ రచనలు తెలుగులోకి తెచ్చారు. ఆయన 1955లో ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారన్నది అందరికీ తెలిసిన సంగతే. ఆ అనువాదాల సంగతి అంతగా తెలియదు.

శాంతినికేతనానికి కూతవేటు దూరంలో, సురుల్‌లో, మరో సగం ఉంది. 1922 ఫిబ్రవరి 6న అక్కడ గ్రామ పునర్నిర్మాణ సంస్థ మొదలైంది. దానికే తర్వాత శ్రీనికేతన్ అని పేరు. నడిపించింది కార్నెల్‌లో వ్యవసాయం చదివిన ఇంగ్లీషు యువకుడు లెనర్డ్ ఎల్మ్‌హర్స్ట్. డబ్బు పంపింది అమెరికా సంపన్నురాలు డొరొతీ స్ట్రెయిట్. 1925లో వాళ్లిద్దరూ పెళ్లి చేసుకొని ఇంగ్లండులో డార్టింగ్టన్ హాల్ అనే సంస్థ పెట్టారు. శ్రీనికేతన్‌కు డబ్బు పంపడం మానలేదు.

పనులు చాలా నేలబారువి. ఊరివాళ్లు చందా వేసుకొని డాక్టరును పెట్టుకునే ఆరోగ్య సహకార సంఘాలు. మలేరియా దోమలు పుట్టే గుంటలు పూడ్చడం. నేత, తోలు పని, కుండలు. 1924లో పేద పిల్లల కోసం శిక్షాసత్ర అనే బడి, పని ద్వారా చదువు. గాంధీజీ నయీ తాలీమ్ ప్రకటించడానికి చాలా ఏళ్ల ముందు సంగతి ఇది. రవీంద్రుడి పాటలు విన్నవాళ్లలో పదోవంతు కూడా శ్రీనికేతన్ పేరు విని ఉండరు. ఆ కవి చేసిన అతి ముఖ్యమైన పనుల్లో ఇది ఒకటని ఈ ఉపన్యాసం గట్టిగా చెప్పదలచుకుంది.

రోజువారీ తీరు గురించి రెండు మాటలు. తరగతులు చెట్ల కింద. కూర్చోవడానికి చాప పిల్లలే తెచ్చుకోవాలి. వాన వస్తే లోపలికి పరుగు. వారపు సెలవు ఆదివారం కాదు, బుధవారం. ఆ ఉదయం మందిరంలో ప్రార్థన. 1928 నుంచి వానాకాలంలో మొక్కలు నాటే పండుగ, నాగలి పట్టే పండుగ. మార్చి 10న వంటవాళ్లకూ పాకీవాళ్లకూ సెలవు. ఆ పనులన్నీ ఆ రోజు గురువులూ విద్యార్థులూ చేయాలి. 1915లో గాంధీజీ అక్కడ ఉన్నప్పుడు మొదలుపెట్టిన ఆచారం, ఆ రోజుకు ఆయన పేరే పెట్టుకున్నారు. స్నాతకోత్సవంలో పట్టభద్రుల చేతిలో ఏడాకుల పొన్న ఆకులు పెట్టేవారు. పూర్వం పిల్లల రాత పలకలు ఆ చెట్టు కర్రతో చేసేవారు. వృక్షశాస్త్రంలో దానికి ‘స్కోలారిస్’ అన్న పేరు అలా వచ్చిందే.

ఇక డబ్బు. ఎక్కడికి వెళ్లినా కవి జోలె వెంటే వెళ్లేది. 1936లో డెబ్బై అయిదో ఏట ‘చిత్రాంగద’ నృత్యనాటక బృందాన్ని వెంటేసుకొని ఉత్తరభారత నగరాలు తిరిగారు. ఢిల్లీలో గాంధీజీ చూసి, ఈ వయసులో ఈ తిరుగుడేమిటని నొచ్చుకొని, అరవై వేల రూపాయలు సమకూర్చారు. అప్పటికి అప్పు తీరింది. ఆడపిల్లల చేత డ్యాన్సులు వేయించి సొమ్ము చేసుకుంటున్నాడని కలకత్తాలో ఈసడించినవాళ్లున్నారు. నాటకం ఆడితే తప్ప జీతాలు రాని విశ్వవిద్యాలయం ఎలా ఉంటుందో వాళ్లకు పట్టలేదు.

1940 ఫిబ్రవరిలో గాంధీజీ శాంతినికేతనం వచ్చి వెళ్లేటప్పుడు రవీంద్రుడు ఆయన చేతిలో ఒక ఉత్తరం పెట్టారు. తన జీవితపు సరుకంతా ఈ సంస్థలో ఉందనీ, తన తర్వాత దీన్ని కాపాడమనీ దాని సారం. ఆ విషయం గాంధీజీ మౌలానా ఆజాద్‌కు చెప్పారు. ఆ ఏడాది ఆగస్టు 7న ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం తరఫున సర్ మోరిస్ గ్వైయర్, సర్వేపల్లి రాధాకృష్ణన్ శాంతినికేతనానికే వచ్చి కవికి డాక్టరేటు ఇచ్చారు. కవి జవాబు సంస్కృతంలో చెప్పారు. సరిగ్గా ఏడాదికి, 1941 ఆగస్టు 7న, పోయారు.

స్వతంత్రం వచ్చాక విద్యామంత్రి ఆజాదే. 1951 మేలో విశ్వభారతి చట్టంతో అది కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. నెహ్రూ ఆచార్యుడు, అంటే ఛాన్సలరు. రథీంద్రనాథ్ మొదటి ఉపాచార్యుడు. 1901 నాటి అయిదుగురు పిల్లల్లో ఒకడు యాభై ఏళ్లకు వైస్ ఛాన్సలరయ్యాడు. రెండేళ్లు తిరిగేసరికి రాజీనామా చేసి డెహ్రాడూన్ వెళ్లిపోయాడు. కేంద్రీయ హోదాతో నెలనెలా జీతాలు ఖాయమయ్యాయి. దాంతో పాటు గ్రేడులూ, ఫైళ్లూ, అర్హతల పట్టికలూ వచ్చాయి. పాఠభవన్, కళాభవన్, సంగీత్‌భవన్, శిక్షాసత్ర ఇప్పటికీ నడుస్తున్నాయి. గుమస్తాను పిలిచి నిఘంటువు రాయమనే వీలు మాత్రం ఏ నిబంధనలోనూ లేదు.

జోలె పట్టిన రోజుల ఆస్తి ఒకటి చాలాకాలం అక్కరకొచ్చింది: కవి రాసిచ్చిన పుస్తకాల హక్కులు. రచయిత మరణించిన యాభై ఏళ్లకు అవి 1991తో ముగియాలి. విశ్వభారతి మొర పెట్టుకుంది. రచయిత మరణానంతరం హక్కుల గడువు యాభై ఏళ్ల నుంచి అరవైకి పెరిగింది, అదీ ఒక్క టాగూర్‌కే కాదు, దేశంలోని రచయితలందరికీ. తెలుగు రచయితల వారసులకు ఇవాళ దక్కుతున్న ఆ అదనపు పదేళ్లు అలా వచ్చినవే. విశ్వభారతి గడువు 2001 డిసెంబరు 31న తీరింది.