పాట కింద పేరెవరిది?

(వాడలో జరిగిన యువజనుల సభలో ప్రసంగ పాఠం)



ఇందాక మన పిల్లలు సెల్‌ఫోన్‌లో ఒక తమిళ పాట పెడితే ముసలోళ్లు సైతం కాళ్లాడించారు. అది 'ఎంజాయ్ ఎంజామి'. 2021 మార్చిలో వీడియోతో సహా సింగిల్‌గా వచ్చింది. సింగిల్ అంటే ఒక్క పాటనే విడిగా వదలటం, సినిమాతో పనిలేదు. కోట్లమంది చూశారు. దాని వెనక సంగతి మనోళ్లకు తెలియాలని మేము ఈ నాలుగు మాటలు చెబుతున్నాం.

పాట రాసి, ధీ అనే గాయనితో కలిసి పాడినవాడు అరివు. ఊరు అరక్కోణం. రేణిగుంట మీదుగా మద్రాసు పోయినోళ్లకు తెలిసిన స్టేషనే. దర్శకుడు పా.రంజిత్, సంగీతకారుడు టెన్మా నిలబెట్టిన 'క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' బృందంలో పాడి పైకొచ్చాడు. 2018 జనవరిలో ఆ బృందం చెన్నైలో మొదటి కచేరీ చేసింది. సావుకాడ పాడే గానాను, మన డప్పుకు తోబుట్టువైన పరైని, గిటారును ఒకే వేదిక ఎక్కించింది.

అరివు వాళ్ల అవ్వ సిలోన్ టీ తోటల్లో కూలి. తెల్లదొరల కాలంలో తమిళ పల్లెల నుంచి లక్షలమందిని అక్కడికి తోలారు. వాళ్లలో మనోళ్లే ఎక్కువ. అడవి కొట్టి తోటలేసింది ఆ చేతులే. 1948లో అక్కడి ప్రభుత్వం చట్టం చేసి వాళ్లను ఏ దేశానికీ చెందనోళ్లను చేసింది. 1964లో శాస్త్రి, సిరిమావో కూర్చుని 5,25,000 మంది ఇటు, 3,00,000 మంది అటు అని పంచుకున్నారు. పశువుల్ని పంచుకున్నట్టే! వాళ్లనెవరన్నా అడిగారా? తిరిగొస్తే ఇక్కడా సెంటు భూమి లేదు. ఆ బతుకే పాటయింది. వీడియోలో ఆ అవ్వ కూడా కనబడుతుంది.

మరి పాట పేరుకెక్కాక ఏమైంది? 2021 ఆగస్టులో 'రోలింగ్ స్టోన్ ఇండియా' పత్రిక అట్ట మీద ధీ బొమ్మ వచ్చింది, అరివుది రాలేదు. రంజిత్ గట్టిగా అడిగాక అతని బొమ్మతో వేరే అట్ట వేశారు. 2022 జులైలో చెన్నై చెస్ ఒలింపియాడ్ ప్రారంభంలో పాట మోగింది, వేదిక మీద అరివు లేడు. పాట కట్టిందెవరనే తగవు బజారున పడింది. సంగీతం చేసిన సంతోష్ నారాయణన్ అది ముగ్గురి పని అన్నాడు. ఆ తగవు తీర్చటానికి మేమెవరం? గాయనిది తప్పని కూడా అనం. 2024లో సంతోషే ముగ్గురికీ పైసా రాలేదన్నాడు.

మన దగ్గరేముంది? నాట్లకాడ పాట కట్టిన అమ్మ పేరు పుస్తకంలో ఉండదు. 'జానపదం' అని వేసి ఊరుకుంటారు. అందుకే మా రాత్రిబడిలో ఒక నోటుబుక్కు పెట్టాం. పాట, కట్టినోళ్ల పేరు, ఊరు, ఏ పనికాడ పాడేవాళ్లో రాస్తున్నాం. ఇప్పటికి పదకొండు పాటలయ్యాయి. వచ్చే సభకు మీ వాడల నుంచి కూడా రాసి తీసుకురండి.