అరగని దండ కోసం
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను చేసే పని గురించి పావుగంటలో చెప్పమని కార్యవర్గం వారు అడిగారు. పెప్టైడ్లతో మందులు తయారుచేసే రసాయన శాస్త్రం నాది. అందులో మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే ఎం.ఎస్. అనే జబ్బు కోసం జరుగుతున్న ప్రయత్నం ఒక్కటే తీసుకుంటాను.

ముందు జబ్బు సంగతి. మెదడులో, వెన్నుపాములో, కంటి నరంలో ఉండే నాడీ పోగుల చుట్టూ మయెలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగులాంటిది. మనల్ని కాపాడాల్సిన టి-కణాలే ఆ తొడుగును శత్రువనుకుని దాడి చేస్తాయి. కంచే చేను మేయడమంటే ఇదే. ఒక కన్ను మసకబారుతుంది, కాలు తిమ్మిరెక్కుతుంది, నడక తూలుతుంది. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య మొదలవుతుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెట్టింపుకు పైగా కనిపిస్తుంది. ఉద్యోగం, పెళ్లి, పిల్లలు అనుకునే వయసులో వచ్చి జీవితాంతం ఉండే జబ్బు ఇది. పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. దాడుల్ని తగ్గించే మందులున్నాయి. వాటిలో కొన్ని రోగనిరోధక శక్తి మొత్తాన్నీ అణిచేస్తాయి, అప్పుడు ఇన్‌ఫెక్షన్ల భయం. దారి తప్పిన కణాలకు మాత్రమే నచ్చజెప్పే మందు కావాలి.

అక్కడే పెప్టైడ్ పనికొస్తుంది. అమైనో ఆమ్లాలనే పూసల్ని గుచ్చిన చిన్న దండ అది. టి-కణాలు ప్రొటీన్లను గుర్తుపట్టేది ఇలాంటి చిన్న ముక్కల్ని బట్టే. కాబట్టి వాటితో మాట్లాడాలంటే వాటికి తెలిసిన భాష పెప్టైడే.

ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో మైఖేల్ సేలా, రూత్ ఆర్నన్, డ్వోరా టైటెల్‌బామ్ 1960ల చివర్లో నాలుగు అమైనో ఆమ్లాలను కలిపి మయెలిన్ ప్రొటీన్‌ను పోలిన దండలు చేశారు. ప్రయోగశాల జంతువుల్లో ఎం.ఎస్. లాంటి జబ్బు తెప్పించి చూడాలన్నది ఉద్దేశం. జబ్బు రాలేదు సరికదా, ఉన్న జబ్బు తగ్గింది! అదే గ్లాటిరామర్ అసిటేట్. 1996లో అమెరికా అనుమతి వచ్చింది. అది ఒకే అణువు కాదు, రకరకాల పొడవుల దండల మిశ్రమం. దాన్ని అచ్చంగా అలాగే తయారుచేయడం చాలా కష్టం. ఆ కష్టమైన పని చేసినవారిలో మన హైదరాబాదు కంపెనీ నాట్కో ఒకటి. వారు అభివృద్ధి చేసిన జెనరిక్‌కు, భాగస్వామి మైలాన్ ద్వారా, 2017లో అమెరికా అనుమతి దొరికింది.

అయితే ఆ మందును ఇంజెక్షన్‌గానే తీసుకోవాలి. మొదట్లో రోజుకొకటి, తర్వాత వారానికి మూడు చొప్పున వచ్చింది. అప్పుడు కూడా ఏడాదికి 156 సూదులు. మాత్రగా ఎందుకు ఇవ్వరు? మనం తిన్న పప్పును అరిగించినట్టే కడుపు పెప్టైడ్‌ను కూడా అరిగించేస్తుంది. జీర్ణరసాల్లోని ఎంజైములు కొన్ని దండను మధ్యలో కత్తిరిస్తాయి, కొన్ని కొసల నుంచి ఒక్కొక్క పూసా ఊడదీస్తాయి. ఇన్సులిన్‌ను సూదితో ఇచ్చేదీ అందుకే.

దీనికి దారి ఒక మొక్క చూపించింది. 1960ల్లో రెడ్‌క్రాస్ తరఫున కాంగో వెళ్లిన నార్వే వైద్యుడు లోరెంట్స్ గ్రాన్, అక్కడి స్త్రీలు కాన్పు త్వరగా కావడానికి ఒక మొక్కను మరిగించి ఆ నీళ్లు తాగడం గమనించారు. అందులో పనిచేసేది ఒక పెప్టైడని తేలింది. దాని పేరు కలాటా బి1. మరిగించినా చెడలేదు, కడుపులోనూ పూర్తిగా అరిగిపోలేదు. కారణం 1995లో దాని నిర్మాణం తెలిశాక స్పష్టమైంది. 29 పూసల ఆ దండకు కొసలే లేవు. రెండు కొసలూ కలిసి వలయమయ్యాయి. లోపల మూడు గంధకపు బంధాలు ముడిపడి ఉన్నాయి. కొస దొరకదు, ముడి విడదు.

ఆస్ట్రేలియాలో డేవిడ్ క్రైక్ బృందం ఈ చట్రంలో మయెలిన్‌కు సంబంధించిన ఒక ప్రొటీన్ ముక్కను అంటుకట్టింది. మామిడికి అంటు కట్టినట్టే, వేరు గట్టిది, కొమ్మ మనకు కావలసింది. 2014లో ప్రకటించిన ఆ పనిలో ఒక పెప్టైడ్ ఎలుకల్లో జబ్బు ముదరకుండా ఆపింది. వియన్నాలో క్రిస్టియన్ గ్రూబర్ బృందం కలాటాలో 20వ పూసను మార్చి లైసిన్ పెట్టింది. దాన్ని నోటి ద్వారా ఇచ్చినా ఎలుకల్లో జబ్బు తీవ్రత తగ్గిందని 2016లో ప్రకటించింది.

ఇక్కడ సంబరపడి ఆగిపోకూడదు. 2000 సంవత్సరంలో ఒక హెచ్చరిక వచ్చింది. మయెలిన్ ముక్కలో కొన్ని పూసలు మార్చిన పెప్టైడ్‌ను రోగులకు ఇచ్చి చూశారు. ఒక పరీక్షలో ఎనిమిది మందిలో ముగ్గురికి జబ్బు తిరగబెట్టింది. వారిలో ఇద్దరి విషయంలో కారణం ఆ పెప్టైడేనని రక్తంలోని టి-కణాలు చూపించాయి. మరో పరీక్షను అలర్జీల వల్ల ఆపేశారు. శాంతింపజేస్తుందనుకున్నది రెచ్చగొట్టింది. ఎక్కువసేపు నిలిచే పెప్టైడ్ చేస్తున్నామంటే, అది తప్పుమాట చెబితే ఆ తప్పుమాట కూడా ఎక్కువసేపు నిలుస్తుంది. అందుకే ఏళ్ల తరబడి పరీక్షలు, అందుకే ఆలస్యం. ‘ఇంకా ఎన్నాళ్లు?’ అని రోగులు అడిగినప్పుడు నేను చెప్పేది ఇదే. ఈ రకం మాత్ర ఇంకా డాక్టర్లు రాసే దశకు రాలేదు.

చివరగా రెండు మనవులు. ఇంట్లో పడుచు పిల్ల ఉన్నట్టుండి ఒక కన్ను మసకగా ఉందన్నా, కాళ్లు చేతులు రోజుల తరబడి తిమ్మిరిగా ఉన్నాయన్నా, నీరసమని కొట్టిపారేయకండి, నరాల డాక్టరుకు చూపించండి. రెండోది, నా మాటలు విని ఎవరూ ఏ ఆకూ మరిగించి తాగకండి, వాడుతున్న మందు మానకండి. కాంగో మొక్క గర్భసంచిని బిగిస్తుంది. మందు కావాలంటే దాన్ని తీరుగా మార్చాలి, కొలవాలి, పరీక్షించాలి.

కొలిచి చూడనిదే నమ్మకూడదని ఈ బడి ల్యాబులోనే మాకు నేర్పించారు. ఆ గురువులు కొందరు ఈరోజు ముందు వరుసలో ఉన్నారు.