తేనెలోని స్వస్థత, పాదం మీది పుండు

సమస్త ప్రశంసలూ అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై శాంతి, శుభాలు వర్షించుగాక.



దివ్య ఖుర్ఆన్‌లో 16వ సూరాకు తేనెటీగ పేరే ఉంది: అన్ నహ్ల్. కొండలలో, చెట్లపై గూళ్లు కట్టుకోమని అల్లాహ్ తేనెటీగకు ప్రేరణ కలిగించాడనీ, దాని నుండి వెలువడే పానీయంలో మానవులకు స్వస్థత ఉందనీ 68, 69 ఆయతులు తెలుపుతున్నాయి. ఆ కొండలు మనకు దూరమైనవి కావు. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం అడవులలో సవరలు, జాతాపులు ఎంతో శ్రమకోర్చి తేనె సేకరిస్తారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ దానిని కొని మన పట్టణాలలో విక్రయిస్తోంది.

తేనె గాయానికి మేలు చేస్తుందన్నది పెద్దల నమ్మకం మాత్రమే కాదు. అందులో సుమారు 80 శాతం చక్కెరలే కావడం వల్ల అది సూక్ష్మక్రిములలోని తేమను లాగివేస్తుంది. దాని పులుపు గుణం వాటిని పెరగనివ్వదు. పైగా తేనెటీగ అందులో చేర్చిన ఒక ఎంజైము, గాయపు తడి తగిలినప్పుడు, హైడ్రోజన్ పెరాక్సైడును కొద్దికొద్దిగా పుట్టిస్తుంది. షోలాపూర్ వైద్యుడు ఎం. సుబ్రహ్మణ్యం కాలిన గాయాలున్న 104 మందిపై జరిపిన పరిశీలన 1991లో వెలువడింది. సిల్వర్ సల్ఫాడయజిన్ వాడినవారి కంటే తేనె కట్టు కట్టినవారికే గాయాలు త్వరగా మానాయి.

అయితే వైద్యులు గాయానికి వాడేది గామా కిరణాలతో శుద్ధి చేసిన తేనె. వంటింటి సీసాలోని తేనెలో ప్రమాదకరమైన క్రిముల బీజాలు ఉండవచ్చు. దానిలో చక్కెర పాకం కూడా కలిసి ఉండవచ్చు; తూకంలో మోసాన్ని ఖండించే మనం ఈ కల్తీని ఎందుకు చిన్నదిగా చూస్తామో తెలియదు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది చక్కెర వ్యాధిగ్రస్తుల పాదం. స్పర్శ తగ్గిన పాదానికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. పుండు నల్లబడుతున్నా ‘ఆయతు ఉంది కదా’ అని తేనె రాసుకుంటూ ఇంట్లో కూర్చుంటే, చివరకు కాలే తీసివేయవలసి రావచ్చు. అది తవక్కుల్ కాదు. ఒక ప్రయాణంలో తలకు గాయమైన సహచరునికి స్నానం విధి అయింది. తయమ్ముమ్‌కు అనుమతి లేదని తోటివారు చెప్పగా, ఆయన స్నానం చేసి మరణించారు. ఆ సంగతి విన్న దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారిపై తీవ్రంగా ఆగ్రహించారు. తెలియనప్పుడు అడగవలసిందని మందలించారు. ఈ ఉదంతం అబూ దావూద్ గ్రంథంలో ఉంది.

రోజుకు ఐదు పూటలు పాదాలు కడిగే సముదాయం మనది. వుజూలో వేళ్ల సందులు తడిమేటప్పుడు అరికాలును కూడా ఒకసారి చూసుకోండి. చూపు మందగించిన తండ్రి పాదాలను కొడుకు చూడాలి. పుండు కనిపిస్తే ఆ రోజే వైద్యుని వద్దకు వెళ్లండి. తేనె కట్టు తగునో కాదో ఆయననే అడగండి. కట్టు తడిస్తే నమాజు ఎలాగని వెనుకాడకండి. విప్పితే హాని కలిగే కట్టుపై తడి చేతితో మసహ్ చేస్తే చాలునని ధర్మవిద్వాంసులు స్పష్టపరిచారు.

మన బస్తీలో పుండ్లతో మంచం పట్టినవారికి అల్లాహ్ సంపూర్ణ స్వస్థత ప్రసాదించుగాక. ఆమీన్.